బోర్డు మీద మొదటి అమ్మాయి

ఆసుపత్రి, ఫిజియోథెరపీ విభాగం
సెప్టెంబరు 4

గోడా,

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నిన్ను దాటి మాట అవతలికి పోదు. వాలీబాల్ నెట్ దగ్గర బంతిని ఆపినట్టే ఆపేస్తావు. కాగితమైతే నేను చెప్పేది చివరిదాకా వింటావు. హాస్టల్ వదిలినప్పటినుంచీ మన ఇద్దరికీ ఇదే కుదిరింది.

మా అమ్మాయి మీ కాలేజీలో చేరింది. హాస్టల్ రెండో బ్లాకు, మూడో అంతస్తు. నువ్వు అక్కడ వ్యాయామశాల ఇన్‌ఛార్జివని చెప్పాను. "తెలిసినవాళ్ళున్నారు కదా అని నెత్తికెక్కి కూర్చోకు" అని కూడా చెప్పాను. అది నెత్తికెక్కే రకం కాదులే. ఎక్కితే బాగుండు అనిపించే రకం.

పోయిన ఏడాది దానికి సీటు రాలేదని నీకు రాశాను. మిగతాది రాయలేదు. నాలుగు నెలలు అది గదిలోంచి బయటికి రాలేదు. తలుపు వేసుకోలేదు, ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. అటు తిరిగి పడుకునేది. వాళ్ళ నాన్న రోజూ డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తానురా" అనేవారు. అది "ఊఁ" అనేది. ఆ ఊఁ వినపడేదాకా ఆయన కదిలేవారు కాదు.

నిన్ను కాపలా కాయమని అడగను. రోజుకోసారి గదిలోంచి బయటపడుతోందా, నలుగురిలో కలుస్తోందా, అంతవరకు చూసి రాయి. నేను అడిగానని దానికి తెలియనివ్వకు.

నీ
బొంగరం


కాలేజీ వ్యాయామశాల, ఆఫీసు గది
సెప్టెంబరు 19

బొంగరమా,

నీ కూతురు మూడో రోజునే వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మం బయట నిలబడి నోటీసులన్నీ చదివింది, అగ్నిమాపక యంత్రం ఎలా వాడాలో రాసిన కాగితంతో సహా. నేను పలకరించలేదు. నాలుగో రోజు కూడా అంతే. ఐదో రోజు "బూట్లు లేవా? సైజు చెప్పు, ఇస్తాను" అన్నాను. మా దగ్గర విద్యార్థులకి అరువిచ్చే బూట్ల అలమర ఒకటుంది. ఆ వాసనకి చాలామంది ఇంటికెళ్ళి సొంత బూట్లు తెచ్చుకుంటారు. నీ కూతురు తొడుక్కుంది. చుట్టుబాటలో నాలుగు రౌండ్లు నడిచి, బూట్లు తుడిచి తిరిగిచ్చింది.

"మీరు అమ్మ ఫ్రెండే కదా. ఏమని పిలవాలి?" అంది.

"పదిమందిలో మేడమ్ అను. ఎవరూ లేనప్పుడు పిన్నీ అను" అన్నాను. నవ్వింది. నీ నవ్వే. పై పెదవి కదలదు.

మా కార్యక్రమం గురించి అడిగావా? అడగలేదు, అయినా చెప్తాను. ఈ ఏడాది కొత్తగా పెట్టింది. పిల్లలు దిగులుతో గదుల్లో మగ్గిపోతున్నారని కాలేజీవాళ్ళకి ఆలస్యంగా తెలిసింది. పాత పరీక్షల హాలుని మాకిచ్చారు. ఆరు ట్రెడ్‌మిల్స్, అందులో నాలుగు పనిచేస్తాయి. రెండు బ్యాడ్మింటన్ కోర్టులు, చాపల మీద ఒళ్ళు సాగదీసే క్లాసు. ఆ క్లాసులో చివరి పది నిమిషాలు కళ్ళు మూసుకోమంటాం. మూసుకోగానే ఎవరో ఒకరు ఏడుస్తారు. మొదట్లో కంగారుపడ్డాను. ఇప్పుడు చేతి తువాళ్ళు ఎక్కువ తెప్పిస్తున్నాను.

ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక కార్డు. తలుపు దగ్గర పెడితే తెరుచుకుంటుంది, ఒక పాయింటు పడుతుంది. గుమ్మం పక్కన బోర్డు మీద ఎవరికెన్నో కనిపిస్తాయి. పాయింట్ల ఆలోచన నాదే. పిల్లల్ని రప్పించాలంటే ఏదో ఒక ఆశ చూపాలి కదా.

నువ్వు దిగులు పడకు. అది వస్తోంది.

గోడ


ఇల్లు
అక్టోబరు 2

గోడా,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. అగ్నిమాపక యంత్రం దగ్గర నవ్వారు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

అది కూడా వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తోంది. బ్యాడ్మింటన్‌లో పక్కగది అమ్మాయిలు జతకట్టారట. ఒకమ్మాయి సర్వీసు ఎప్పుడూ లైటుకి తగులుతుందట. అది చెప్తూ తనే నవ్వింది. గొంతు తేటగా ఉంది. తింటున్నావా అంటే తింటున్నా అంటుంది. నిద్ర పడుతోందా అంటే పడుతోంది అంటుంది. అడిగిన వెంటనే చెప్తోంది, అదొక్కటే నాకు కొత్త.

నీకు ఏం ఇచ్చుకోవాలో తెలీడం లేదు. మోకాలు నొప్పి అన్నావు పోయినసారి. కుర్చీలో కూర్చుని కాలు చాపి, ఐదు లెక్కపెట్టేదాకా ఉంచు. రోజుకి మూడు విడతలు. చెయ్యవని తెలుసు. అయినా రాశాను.

బొంగరం


వ్యాయామశాల ఆఫీసు
నవంబరు 11

బొంగరమా,

శుభవార్త. బోర్డు మీద మొదటి వరసలో ఎవరున్నారో చెప్పుకో. మూడు వారాలుగా దిగలేదు. పొద్దున ఆరింటికి నేను తాళం తీసేసరికే మెట్ల మీద కూర్చునుంటుంది. సాయంత్రం క్లాసులయ్యాక మళ్ళీ వస్తుంది. బ్యాడ్మింటన్ మానేసింది, టైం వృథా అంటుంది. ఎప్పుడూ ఆ చివరి ట్రెడ్‌మిల్ మీదే. పక్కవాళ్ళు దిగిపోతారు, ఇది దిగదు. కోర్టులో నువ్వూ ఇంతే కదా, నిలబడితే చచ్చిపోతావేమో అన్నట్టు తిరిగేదానివి. అందుకే కదా ఆ పేరు పెట్టాం.

ప్రిన్సిపాల్‌గారు స్వయంగా వచ్చి చూశారు. "గదిలోంచి బయటికి రాని అమ్మాయి ఇలా మారిందంటే, మీ కార్యక్రమానికి ఇంతకన్నా రుజువేం కావాలి" అన్నారు. ఆ సంగతి ఆయనకి నేనే చెప్పాను. కోప్పడకు, ఎవరి కూతురో చెప్పలేదు. కాలేజీ పుస్తకం అట్ట మీద దాని ఫొటో వేశారు. ఒక ప్రతి ఇందులో పెట్టాను. వచ్చే నెల పైనుంచి తనిఖీకి వస్తున్నారు. నా ఉద్యోగం పొడిగిస్తారా లేదా అన్నది వాళ్ళు చూసి చెప్పేదాన్ని బట్టే ఉంటుంది. నీ కూతురు నాకు అచ్చొచ్చింది.

గోడ


ఆసుపత్రి
నవంబరు 18

గోడా,

ఫొటో చూశాను. టీపాయ్ మీద పెట్టి చూశాను, కిటికీ దగ్గర పెట్టి చూశాను, ఇవాళ ఆసుపత్రికి తెచ్చి ఎక్స్‌రే చూసే దీపం కింద పెట్టి చూశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చూసేది మనుషుల ఒళ్ళే. ఆ మణికట్టు మా అమ్మాయి వెళ్ళినప్పటి మణికట్టు కాదు. మెడ కింద గుంటలు. అందరూ పొట్టిచేతుల చొక్కాల్లో ఉంటే ఇది పొడుగుచేతులది వేసుకుంది. చలికి కాదు కదా? నవ్వుతోంది, కాని కుడి కాలి మీద బరువు వెయ్యడం లేదు.

అడిగినవాటికి జవాబు చెప్పు. ఎవరితో కలిసి తింటోంది? నువ్వు తాళం వేసిన రోజుల్లో ఏం చేస్తోంది? రాకుండా ఉన్న రోజు ఒక్కటైనా ఉందా?

దాంతో ఇప్పుడే ఏమీ అనకు. ముందు నాకు రాయి.

బొంగరం


వ్యాయామశాల ఆఫీసు
నవంబరు 25

బొంగరమా,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. ఏడాది క్రితం మంచం దిగని పిల్ల ఇవాళ కాలేజీకంతా ఆదర్శమైతే, నీకు మణికట్టు కనిపించిందా? రోగుల్ని చూసీ చూసీ నీకు అందరూ రోగుల్లాగే కనిపిస్తున్నారు.

అడిగావు కాబట్టి చెప్తాను. ఎవరితో తింటుందో నాకు తెలీదు, నేను భోజనశాల ఇన్‌ఛార్జిని కాను. పోయిన ఆదివారం మాకు సెలవు. ఆ రోజు హాస్టల్ మెట్లు ఎక్కి దిగుతూ ఉందని వార్డెన్ చెప్పింది. ఎన్నిసార్లో ఆవిడ లెక్కపెట్టలేదు, "టిఫిన్ ముందు మొదలెట్టింది, నేను భోంచేసి వచ్చినా అక్కడే ఉంది" అంది. రాని రోజు ఒక్కటీ లేదు. జలుబు చేసినా వచ్చింది. దీన్ని క్రమశిక్షణ అంటారు. మ్యాచ్ అయ్యాక కూడా నువ్వు గ్రౌండ్ చుట్టూ పరిగెత్తేదానివి, మేమంతా చప్పట్లు కొట్టేవాళ్ళం. మరిచిపోయావా?

ముప్పై ఏళ్ళుగా పిల్లల్ని చూస్తున్నాను. నన్ను నమ్ము.

గోడ


ఇల్లు
నవంబరు 30

గోడా,

మరిచిపోలేదు. ఆ చప్పట్లు కూడా మరిచిపోలేదు.

చివరి ఏడాది నేను టీం వదిలేసి ఇంటికెళ్ళాను కదా. పచ్చకామెర్లని నీకు రాశాను. నువ్వు నమ్మి, పథ్యం గురించి రెండు పేజీలు రాశావు. పచ్చకామెర్లు రాలేదు. పడకుండా, దెబ్బ తగలకుండా నా కాలి ఎముక పగిలింది. తినక, ఆగక. కోచ్‌గారు ప్రతి శుక్రవారం అందరి ముందూ మనల్ని త్రాసు ఎక్కించేవారు గుర్తుందా? "ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి" అని ఒకసారి నన్ను చూపించారు. ఆ ఒక్క మాటతో రెండేళ్ళు బతికాను. నువ్వు పొట్లం కట్టి తెచ్చిచ్చిన తిండి నీ మంచం కిందే దాచి, చెత్తలో పడేసేదాన్ని. ఎప్పుడూ ఆకలి లేదనేదాన్ని. అబద్ధం కాదది. కొన్నాళ్ళకి ఆకలి అనేది నిజంగానే తెలియకుండా పోయింది.

మా అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. ఆయనకి కూడా. మా అమ్మాయికైతే చెప్పనే లేదు. చెబితే దారి చూపించినట్టవుతుందనుకున్నాను.

సెలవు పెట్టాను. పదో తేదీకి గాని దొరకదు. ఈలోపు నువ్వు చెయ్యాల్సింది ఒకటే. దాన్ని ఆ మిషన్ ఎక్కనివ్వకు. డాక్టరుకి చూపించు. ఇది బతిమాలడం అనుకో, ఇంకేమైనా అనుకో.

బొంగరం


కాలేజీ క్లినిక్, బయటి వరండా
డిసెంబరు 6

బొంగరమా,

ఫోన్‌లో చెప్పింది చెప్పాను. చెప్పనిది ఇందులో రాస్తున్నాను. నువ్వు బయల్దేరే లోపు అందాలని కొరియర్‌లో పంపుతున్నాను.

అమ్మాయికి ప్రమాదమేమీ లేదు. కుడి కాలి ఎముకలో సన్నటి పగులు. డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసి, నన్ను బయటికి పిలిచి, "ఈ పిల్ల ఎన్నాళ్ళుగా ఇలా ఉంది? మీరెవరూ చూడలేదా?" అంది. 

నీ ఉత్తరం నాకు మంగళవారమే అందింది. నిలబడే చదివాను. గురువారం తనిఖీ. రెండు రోజులే కదా అనుకున్నాను. సొరుగులో పెట్టి సొరుగు మూశాను.

గురువారం ప్రిన్సిపాల్‌గారు తనిఖీవాళ్ళని తీసుకొచ్చి, "ఈ అమ్మాయే" అన్నారు. నేను నీ కూతురి వైపు చూసి తల ఊపాను. అది ఎక్కింది. మూడో నిమిషంలో కాలు మడతపడింది. మిషన్ పట్టీ దాన్ని వెనక్కి తెచ్చి గోడకేసి కొట్టింది. ఎర్ర మీట నొక్కింది కూడా నేను కాదు, వచ్చినవాళ్ళలో ఒకాయన.

స్ట్రెచర్ మీద అది ఏడవలేదు. "మేడమ్, ఎన్ని రోజులకి మళ్ళీ ఎక్కొచ్చు?" అంది. పక్కన ఎవరూ లేరు. అయినా మేడమ్ అనే అంది.

ఇంకొకళ్ళు చెప్పేకన్నా నేనే చెప్పాలని రాస్తున్నాను.

గోడ


ఇల్లు
డిసెంబరు 21

అమ్మా ఇన్‌ఛార్జిగారూ,

పై మాట వెటకారంగానే రాశాను. కొట్టేద్దామనుకున్నాను, కొట్టలేదు. వెటకారం ఇంతటితో సరి.

ఐదు రోజులు అక్కడున్నాను. నువ్వు క్లినిక్ గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి, రోజూ వెనక్కి వెళ్ళిపోయావు. పిలవాలనిపించలేదు. ఆ రెండు రోజుల గురించి నేను చాలా ఆలోచించాను. నీ సొరుగు రెండు రోజులు మూసుంది. నాది ముప్పై ఏళ్ళు మూసుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే నీ తప్పు తగ్గదు. నాది మాత్రం కనిపిస్తోంది.

దానికి అంతా చెప్పాను. త్రాసు, మంచం కింద పొట్లాలు, పచ్చకామెర్లు. కప్పుకేసి చూస్తూ వింది. తర్వాత, "మరి నీకెప్పుడు తగ్గిందమ్మా?" అంది. "ఒక రోజని చెప్పలేనే. ఎవరో ఒకరు పక్కన కూర్చుంటే తినేదాన్ని. అలా కూర్చోబెట్టుకోగా కూర్చోబెట్టుకోగా ఏళ్ళు పట్టింది" అన్నాను. "బోర్డు మీద నా నంబరు కిందికి దిగుతుంటే ఊపిరాడేది కాదు" అంది. 

ఇంటికి రమ్మన్నాను. రానంది. "ఇంటికొస్తే మళ్ళీ అటు తిరిగి పడుకుంటాను" అంది. డాక్టరమ్మ కూడా ఉండనివ్వమంది, షరతుల మీద. వారానికి రెండుసార్లు కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాలి. మూడు పూటలా మనిషి ఎదురుగా కూర్చుని తినాలి, పక్కగది అమ్మాయిలు ఒప్పుకున్నారు. డాక్టరు సరేననేదాకా వ్యాయామశాల తలుపు తెరుచుకోకూడదు.

నిన్ను క్షమించానని రాయలేను. కాని ఆ తలుపు తాళం నీ దగ్గరుంది కాబట్టి నీకే రాయాలి.

బొంగరం


వ్యాయామశాల
జనవరి 28

బొంగరమా,

నువ్వు అడగకపోయినా రాస్తున్నాను. జవాబు రాకపోయినా రాస్తాను.

బోర్డు పీకేశాను. మేకులు ఊడిరాక గోడ పెచ్చు లేచింది. పాయింట్లు తీసేయించాను. కార్డు ఇప్పుడు రోజుకి ఒక్కసారే తలుపు తెరుస్తుంది, వారంలో ఒకరోజు అసలు తెరవదు. ప్రిన్సిపాల్‌గారు పిలిచి, "వచ్చేవాళ్ళ సంఖ్య సగానికి పడిపోయిందేంటమ్మా?" అన్నారు. "రావడమే గొప్ప అని మనం నేర్పాం సార్. మానడం కూడా నేర్పాలి" అన్నాను. ఆయనకి నచ్చలేదు. ఈ టర్మ్ దాకా ఉంచుతారట, ఆ తర్వాత చూస్తారట.

కట్టు తీసిన మర్నాడే నీ కూతురు వచ్చింది. కార్డు పెట్టింది, తెరుచుకోలేదు. అద్దం తట్టింది.

"ఇరవై నిమిషాలు పిన్నీ. నడుస్తానంతే, పరిగెత్తను."

"లేదు."

"పది."

"లేదమ్మా."

"అప్పుడు ఎక్కించింది మీరే కదా!" అని అరిచింది. లోపలున్న పిల్లలంతా తిరిగి చూశారు. అవును, నేనే అన్నాను. అది చాలా మాటలంది. అన్నీ నిజమే, అందుకని ఇక్కడ రాయడం లేదు. తర్వాత మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను బయటికొచ్చి ఒక మెట్టు కింద కూర్చున్నాను. ఓదార్చడం నాకు రాదని నీకు తెలుసు. మధ్యాహ్నం గంట కొట్టాక పక్కగది అమ్మాయిలు భోజనానికి వెతుక్కుంటూ వచ్చి తీసుకెళ్ళారు. మర్నాడు కూడా వచ్చింది. ఆ పై వారం ఒక్కసారే వచ్చింది.

గోడ


ఆసుపత్రి
ఫిబ్రవరి 20

గోడా,

రెండు ఉత్తరాలు చించేసి ఇది రాస్తున్నాను. ఫోన్‌లో అది నిన్ను తిడుతోంది. వినడానికి నాకు హాయిగా ఉంది. నాలుగు నెలల ఊఁ కన్నా ఈ తిట్లు నయం. కౌన్సెలర్‌ని కూడా తిడుతోంది, అయినా వెళ్తోంది. ఒక వారం బాగుంటుంది, ఇంకో వారం పళ్ళెం ముందు గంట కూర్చుంటుందట. పక్కగది అమ్మాయిలు ఆ గంటా లేవరట. ఆ పిల్లల అమ్మలెవరో నాకు తెలీదు.

మొన్న మా ఆయనకి కూడా చెప్పాను, నా సంగతి.  "ఇన్నేళ్ళు నీ ఎదురుగా కూర్చుని తిన్నాను, నాకు తెలియలేదే" అన్నారు. నాకన్నా ఆయనే ఎక్కువ బాధపడ్డారు.

తేలికపాటి ఆటలు ఆడొచ్చని డాక్టరమ్మ కాగితం ఇస్తుంది. ట్రెడ్‌మిల్ వద్దు, పందెం వద్దు, ఒంటరిగా వద్దు. కాగితం చూసి తలుపు తియ్యి. నీ మీద కోపం ఇంకా ఉంది. రోజూ మాత్రం గుర్తురావడం లేదు.

బొంగరం


వ్యాయామశాల
మార్చి 17

బొంగరమా,

కాగితం చూశాను, తలుపు తీశాను.

సోమ, గురువారాల్లో ఆట రానివాళ్ళకి వాలీబాల్ పెట్టాను. నిజంగా రానివాళ్ళకే. ఆట వచ్చినవాళ్ళని పంపించేస్తున్నాను. బంతి దీపాలకి తగులుతుంది, కిటికీకి తగులుతుంది, నా తలకీ తగిలింది. ఒకబ్బాయి బంతి వస్తుంటే కళ్ళు మూసుకుంటాడు. పరిశోధన చేసే ఒకావిడ ఆటమధ్యలో క్షమాపణలు చెప్తూ ఉంటుంది. మొదటి రెండుసార్లు నీ కూతురు గోడకానుకుని చూసింది. మూడోసారి వాళ్ళకి ఒకళ్ళు తక్కువైతే దిగింది. సర్వీసు నెట్‌లో కొట్టింది. మళ్ళీ నెట్‌లో కొట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ చోట ఎవరూ ఏమీ అనరు.

ట్రెడ్‌మిల్స్ వైపు చూస్తుంది. చూడలేదని రాయను. పోయిన గురువారం ఆట మానేసి వాటి పక్కన అరగంట నిలబడింది, నేను పక్కన నిలబడ్డాను.

నిన్న సోమవారం ఆట బాగా సాగుతోంది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి, అందరికీ పట్టుదల వచ్చేసింది, క్షమాపణల ఆవిడ కూడా అరుస్తోంది. సర్వీసు నీ కూతురిది. బంతి చేతిలో పట్టుకుని లైను దగ్గర నిలబడింది. అలా నిలబడే ఉంది. కాలేమైనా నొప్పి పెట్టిందేమోనని నేను దగ్గరికి వెళ్ళాను.

"పిన్నీ, నాకు ఆకలేస్తోంది" అంది.

అనుమానంగా అంది. ఆ మాట సరైనదో కాదో నన్ను అడుగుతున్నట్టు అంది.  బంతి నా చేతిలో పెట్టి, బూట్లు కూడా విప్పకుండా వెళ్ళిపోయింది. "ఆట మధ్యలో ఎక్కడికి?" అని జట్టువాళ్ళు వెనకనుంచి కేకలేశారు. అది తిరిగి చూడలేదు. కళ్ళు మూసుకునే అబ్బాయి, "మేడమ్, ఒకళ్ళు తక్కువయ్యారు" అన్నాడు. ఉన్నవాళ్ళతోనే ఆడమన్నాను. ఓడిపోయారు.

ఆట అయ్యాక భోజనశాలకి వెళ్ళి అడిగాను. వచ్చింది, తిన్నది, ఇంకొంచెం పెట్టించుకుని తిన్నది అని వడ్డించేవాళ్ళు చెప్పారు. హాస్టల్‌కి వెళ్ళి వార్డెన్‌ని అడిగాను. గదిలో ఉందట. ఆవిడ తలుపు తీసి చూసిందట.

బూట్లతోనే పడుకుని నిద్రపోతోందట.

గోడ